మొదటి డ్రాఫ్ట్ క్లయింట్‌కి పంపేది కాదు

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి రాయాల్సిన పుస్తకం బుర్రలో ఎప్పుడో తయారైపోయింది. మీ వ్యాపారం నేర్పిన పాఠాలు, మీరు కనిపెట్టిన పద్ధతి, ఏళ్ల తరబడి క్లయింట్లకు చెబుతూ వస్తున్న సంగతులు, అన్నీ ఉన్నాయి. మొదటి చాప్టర్ మొదలుపెట్టారు కూడా, కానీ మొదటి పేరానే మార్చి మార్చి రాసి, ఏదీ నచ్చక, "ఇంకాస్త చదివి రాద్దాంలే" అని ఫైలు మూసేశారు.

నేను వ్యాపార పుస్తకాలకు ఎడిటర్‌గా పనిచేస్తాను. దగ్గర నుంచి చూసిన మాట చెబుతున్నాను, ఇలా ఆగిపోయేవాళ్లు రాయడం రానివాళ్లు కాదు, పనిలో అందరికంటే శ్రద్ధగా ఉండేవాళ్లు. అసలు కారణం ఆ శ్రద్ధలోనే ఉందని నా నమ్మకం. వ్యాపారంలో మీ చేతి నుంచి బయటికి వెళ్లే ప్రతి కాగితం మీదా మీ పేరుంటుంది. కొటేషన్‌లో ఒక్క సున్నా తేడా వస్తే డబ్బు పోతుంది, ప్రపోజల్‌లో తప్పులుంటే పరువు పోతుంది. పంపే ముందు రెండుసార్లు చూసుకోవడం మీకు ఊపిరి పీల్చినంత సహజమైపోయింది, ఇప్పుడు అదే కళ్లతో మొదటి డ్రాఫ్ట్‌నీ చూస్తున్నారు. కానీ ఆ డ్రాఫ్ట్ ఎక్కడికీ వెళ్లడం లేదు కదండీ! దాన్ని చదివేది మీరొక్కరే. బయటికి వెళ్లే కాగితానికి పెట్టే పరీక్ష దానికి పెడితే అది నెగ్గదు, నెగ్గాల్సిన అవసరమూ లేదు.

పాల్ హ్యూవిట్, గార్డన్ ఫ్లెట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1991లో పర్ఫెక్షనిజాన్ని మూడు రకాలుగా విడదీసి చూపించారు. మన దగ్గర నుంచి మనమే ఏ లోపమూ లేని పనిని ఆశించడం ఒకటి, ఎదుటివాళ్ల దగ్గర ఆశించడం రెండోది, లోకమంతా మన దగ్గర అదే ఆశిస్తోందని మనం అనుకోవడం మూడోది. పుస్తకం రాసే వ్యాపారస్తుణ్ని ఎక్కువగా పట్టుకునేది ఈ మూడోదే. రాస్తున్నంతసేపూ పాఠకుడు కాదు, అదే రంగంలో ఉన్న పోటీదారు కళ్ల ముందు మెదులుతుంటాడు. "ఇది మాకు తెలియదా" అంటాడేమో, "ఈ లెక్క ఎక్కడిది" అని నిలదీస్తాడేమో అని ఒకటే టెన్షన్.

ఆ భయం వాక్యాన్ని ఏం చేస్తుందో చూడండి. మనసులో మొదట వచ్చిన మాట ఇది: "చిన్న కంపెనీ ఓనర్లు పని అప్పగిస్తారు కానీ నిర్ణయం అప్పగించరు." సూటిగా ఉంది, వాదన ఉంది. ఒక గంట చెక్కాక అదే మాట ఇలా తయారవుతుంది: "కొన్ని సందర్భాల్లో, కొన్ని రకాల చిన్న సంస్థల్లో, యాజమాన్యం నిర్ణయాధికారాన్ని బదిలీ చేసే విషయంలో కొంత సంకోచం కనబరిచే అవకాశం ఉంది." రెండోదాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ మీరు చెప్పాలనుకున్నది అందులోంచి జారిపోయింది. దీన్నే మనం మెరుగు పెట్టడం అనుకుంటున్నాం, నిజానికి ఇది దాక్కోవడం.

ఛార్లెస్ డార్విన్ 1876లో రాసుకున్న ఆత్మకథలో ఈ సంగతి చెప్పాడు. మొదట్లో ఆయన ప్రతి వాక్యాన్నీ ఆలోచించుకుని రాసేవాడట. తర్వాత పద్ధతి మార్చుకుని, వంకర టింకర చేతిరాతతో, మాటల్ని సగం సగం కుదించి, పేజీలకు పేజీలు వీలైనంత వేగంగా గీకేసి, తర్వాత తీరిగ్గా దిద్దుకోవడం మొదలుపెట్టాడు. అలా చేస్తే సమయం కలిసొస్తుందన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, నాకు అదే ముఖ్యం: అలా గబగబా గీకిన వాక్యాలు చాలాసార్లు ఆచితూచి రాయగలిగినవాటికంటే బాగుండేవట. అంత జాగ్రత్తగా రుజువులు కూడబెట్టిన మనిషి ఈ మాట అన్నాడంటే, వేగంగా రాయడాన్ని నిర్లక్ష్యం కింద జమకట్టకూడదు.

వేగం వల్ల ఇంకో లాభం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మెరుగుపెట్టిన పేరాను తీసేయడానికి చెయ్యి రాదు. రెండు వారాలు కూర్చుని చెక్కిన మొదటి చాప్టర్, పుస్తకం అంతా పూర్తయ్యాక చూస్తే అక్కర్లేనిదని తేలుతుంది. ఇది చాలా తరచుగా జరుగుతుంది, ఎందుకంటే ఏం చెబుతున్నామో మనకే పూర్తిగా తెలిసేది చివరి చాప్టర్లు రాసేటప్పుడు. కానీ అప్పటికే దాని మీద ప్రేమ పెరిగిపోయి ఉంటుంది. పుస్తకాన్ని ఆ చాప్టర్‌కి తగ్గట్టు వంచుతారు తప్ప దాన్ని మాత్రం తీయరు. గబగబా రాసిందైతే బాధ లేకుండా తీసేస్తారు. అందుకే నన్నడిగితే, ముందుమాటా మొదటి చాప్టరూ అన్నిటికంటే ఆఖర్న రాయండి. మీకు బాగా తెలిసిన చాప్టర్‌తో మొదలుపెట్టండి, అది ఏడోదైనా సరే.

ఇక లెక్కల సంగతి. రాస్తూ రాస్తూ ఒక అంకె దగ్గర ఆగి, దాన్ని వెతకడానికి బ్రౌజర్ తెరిచి, అక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్లి, సాయంత్రానికి బోలెడు చదివి ఒక్క వాక్యమూ రాయకపోవడం. ఇది పనిచేసినట్టే అనిపిస్తుంది, అదే దీనితో ప్రమాదం. ఇంగ్లిష్ పత్రికలవాళ్లకు దీనికో పాత పద్ధతి ఉంది, తర్వాత నింపాల్సిన చోట టి, కె అనే రెండు అక్షరాలు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. వాళ్ల భాషలో ఆ రెండూ పక్కపక్కన రావడం చాలా అరుదు కాబట్టి చివర్లో వెతికితే ఖాళీలన్నీ దొరికిపోతాయి. మనం రెండు చుక్కగుర్తులు వాడుకోవచ్చు. "మా పాత కస్టమర్లలో  ** శాతం మంది ధర పెంచినా వెళ్లిపోలేదు, ఎందుకంటే" అని రాసి, ఆ "ఎందుకంటే" తర్వాతది పూర్తి చేయండి. అంకె మీ అకౌంట్స్‌లో ఉంది, ఎక్కడికీ పోదు. కారణం మాత్రం ఇప్పుడు మీ బుర్రలో కదులుతోంది, అది రేపటికి ఉండకపోవచ్చు.

టైపు చేయబోతేనే చెయ్యి బిగుసుకుపోయేవాళ్లు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. క్లయింట్ ప్రశ్న అడిగితే మీరు తడుముకోకుండా జవాబు చెబుతారు, అప్పుడు ఏ వాక్యాన్నీ వెనక్కి తిప్పి దిద్దుకోరు. ఆ ప్రశ్నే ఎవరిచేతనైనా అడిగించుకుని, చెప్పింది చెప్పినట్టు కాగితం మీదికి ఎక్కించండి. మర్నాడు కూర్చున్నప్పుడు నిన్నటిది మొత్తం చదవకండి, ఆఖరి పేరా చూసుకుని ముందుకు సాగండి.

మరి శ్రద్ధకు చోటే లేదా అంటే, ఉంది, చాలా ఉంది. డ్రాఫ్ట్ పూర్తయ్యాక కొన్నాళ్లు పక్కన పెట్టి, ప్రింట్ తీసి, పెన్ను పట్టుకోకుండా ఒకసారి చదవండి, ఇది మొత్తంగా ఏం చెబుతోంది అన్న ఒక్క ప్రశ్నతో. తర్వాత చాప్టర్ల వరస, ఆ తర్వాత వాక్యాలు. ప్రతి అంకెనూ సరిచూడండి, క్లయింట్ కథ వాడుకుంటే వాళ్ల అనుమతి తీసుకోండి, ఇక్కడ ఎంత పట్టుదలగా ఉన్నా తక్కువే. రెండో డ్రాఫ్ట్‌ని మాత్రం మీ రంగంలో ఉన్న స్నేహితుడికి కాదు, మీ పుస్తకం చర్చించే సమస్యతో ఇవాళ సతమతమవుతున్న మనిషికి ఇవ్వండి. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మార్జిన్‌లో గీత పెట్టమని అడగండి. ఏ చాప్టర్ మీద కష్టపడాలో ఆ గీతలు చూస్తే తెలుస్తుంది.