సెల్‌ఫోన్ బిల్లు తగ్గించింది ఎవరు?

అందరికీ నమస్కారం. ప్రైవేటీకరణ గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే మనవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. ఒకరు విశాఖ ఉక్కు అంటారు, రెండోవాళ్లు వెంటనే జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, ప్రైవేటుకి ఇచ్చారు కాబట్టే ఇది ఇంత చవకైంది అంటారు. ఉక్కు సంగతి ఇంకోరోజు, ఇవాళ్టికి ఆ రెండో వాదన ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. నడిపింది ప్రైవేటు కంపెనీలే. మరి రేటు? నిమిషానికి 16 రూపాయల దాకా, పైగా వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులే! అందుకే చాలామంది ఫోన్ మోగితే నంబరు చూసుకుని కట్ చేసి, ఎస్టీడీ బూత్ వెతుక్కునేవాళ్లు. అంటే ప్రైవేటు వచ్చింది గానీ చవక రాలేదు. కారణం సింపుల్, ఒక్కో సర్కిల్‌కి, అంటే టెలికాం కోసం దేశాన్ని విడగొట్టిన ఒక్కో ప్రాంతానికి, రెండే ప్రైవేటు కంపెనీలని ప్రభుత్వమే రాసిచ్చింది. ఆ లైసెన్సుల కోసం వేలంలో ఎడాపెడా పాడేసి, తర్వాత ఫీజు కట్టలేక చతికిలపడ్డారు.

అసలు మలుపు 1999 టెలికాం విధానం. ఖాయం చేసిన ఫీజు బదులు ఆదాయంలో వాటా ఇస్తే చాలన్నారు. దీన్ని సంస్కరణ అన్నారు గానీ, నన్నడిగితే వేలంలో పాడిన మాట నుంచి తప్పించడమే. కాకపోతే దానికో షరతు ఉంది, ఇకపై ఎంతమంది పోటీకి వచ్చినా ఒప్పుకోవాలి. ఆ షరతే మన బిల్లు తగ్గించింది. మూడో ఆపరేటర్‌గా వచ్చినవి ఏంటో తెలుసా, ప్రభుత్వ సంస్థలు ఎంటీఎన్‌ఎల్, బీఎస్‌ఎన్‌ఎల్! ఆ వెనకే నాలుగో లైసెన్సు, రిలయన్స్, 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ. అందులో 1997లో పెట్టిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పాత్ర కూడా తక్కువేం కాదు, ఎవరి నెట్‌వర్క్ నుంచి ఎవరికి కాల్ వెళ్తే ఎంత ఇచ్చుకోవాలో తేల్చే వాడు లేకపోతే పాత కంపెనీ కొత్తవాడిని లైన్‌లోకే రానివ్వదు.

2జీ లైసెన్సుల కేటాయింపు గొడవ, 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేయడం మీకు తెలిసినవే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా కారుచవక అయింది, ఆ దెబ్బకి కొందరు మూతేసుకున్నారు, కొందరు కలిసిపోయారు. ఇప్పుడు మిగిలిన ప్రైవేటు వాళ్లు ముగ్గురు. 2024 జులై మొదటి వారంలో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు రేట్లు పెంచారు. మొబైల్ రేట్లని ట్రాయ్ చాలాకాలం కిందే కంపెనీలకి వదిలేసింది, పదిమంది కొట్టుకుంటున్నప్పుడు అది మంచి నిర్ణయమే, ముగ్గురే మిగిలాక కూడా అలాగే ఉంచాలా అన్నది ఇవాళ అడగాల్సిన ప్రశ్న.

ఇంకో తమాషా చూడండి. ప్రభుత్వానికి వాటా ఇవ్వాల్సిన ఆదాయం అంటే ఏది లెక్క అన్న పేచీలో 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో కంపెనీలు ఓడిపోయాయి, వేలకోట్ల బకాయిలు నెత్తిన పడ్డాయి. వొడాఫోన్ ఐడియా కట్టలేకపోయింది, బకాయిల్ని షేర్లుగా మార్చుకుంటూ 2025 నాటికి కేంద్రం దాదాపు 49 శాతం వాటాదారైంది. అంటే లైసెన్సు ఇచ్చేది, బాకీ వసూలు చేసుకోవాల్సింది, షేరు ధర పెరిగితే సంతోషించాల్సింది అన్నీ ఒక్కరే. ఇక బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ గురించి అడుగుదామని వెనక చేతులు లేస్తున్నాయి, అడగండి.