షూబిల్ కొంగ కాదు, గూడబాతు చుట్టం

[దృశ్యం: పాపిరస్ రెల్లులో కదలకుండా నిలబడ్డ బూడిదరంగు పక్షి. కెమెరా మెల్లగా ముక్కు దగ్గరికి.]

వాయిస్: ఈ ముక్కు చూడండి, అచ్చం చెక్క చెప్పు! పొడవు ఇరవై సెంటీమీటర్లకు అటూఇటూ. కొసన కిందికి వంగిన కొక్కెం. ఈ ఆఫ్రికా పక్షి పేరు షూబిల్. దక్షిణ సూడాన్ సద్ద్ చిత్తడి నేలల నుంచి జాంబియాలోని బాంగ్వేలు చిత్తడి నేలల దాకా ఉంటుంది. అరబ్బీలో అబూ మర్కూబ్. అక్షరాలా ‘చెప్పు తండ్రి’, మన ధోరణిలో అయితే ‘చెప్పుగాడు’.

[తెరపై: బలేనిసెప్స్ రెక్స్ గూల్డ్, 1850]

వాయిస్: శాస్త్రీయనామం చెప్పు జోలికి పోలేదు. లాటిన్‌లో బలేనా అంటే తిమింగలం, సెప్స్ అంటే తల గలది, రెక్స్ అంటే రాజు. తెల్ల నైలు ఎగువ నుంచి యాత్రికుడు మాన్స్‌ఫీల్డ్ పార్కిన్స్ తెచ్చిన నమూనాలు చూసి పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ పెట్టిన పేరిది.

గూల్డ్ చుట్టూ బ్రాకెట్లు లేవు, గమనించారా? మొదట పెట్టిన ప్రజాతిలోనే (జీనస్) పక్షి ఇప్పటికీ ఉందని దానర్థం. వంపు ముక్కు పక్షి ఆఫ్రికా పవిత్ర ఐబిస్‌కైతే ‘లాథమ్, 1790’ బ్రాకెట్లలో పడుతుంది. ఆయన దాన్ని టాంటలస్ ప్రజాతిలో చేర్చాడు, తర్వాత థ్రెస్కియోర్నిస్‌కు మార్చారు. బ్రాకెట్లు అలంకారం అనుకుని తీసేశారో, ఆ చరిత్ర కాస్తా పోతుంది.

కుటుంబం పేరు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. జంతువుల కుటుంబాల పేర్లు ‘ఇడే’తో ముగుస్తాయి. అలాగని బలేనిసెప్స్‌కి నేరుగా ‘ఇడే’ తగిలించకూడదు. షష్ఠీ విభక్తి రూపం బలేనిసిపిటిస్. అందులో చివరి ‘ఇస్’ తీసి ‘ఇడే’ చేర్చాలి. బలేనిసిపిటిడే. నోరు తిరగదు, కానీ అదే సరైనది.

[దృశ్యం: ఎగురుతున్న షూబిల్. తర్వాత ముక్కు టకటకలాడించడం.]

వాయిస్: అసలు తగాదా వర్గీకరణలో. ముక్కు టకటకలాడిస్తుంది, ఎండకు కాళ్ల మీద రెట్ట వేసుకుని చల్లబడుతుంది: రెండూ స్టార్క్‌ల (మన నత్తగుల్ల కొంగ వంశం) అలవాట్లే. ఎగిరేటప్పుడు మెడ ముడుస్తుంది, అది హెరాన్ల (మన తెల్లకొంగ వంశం) పద్ధతి. అందుకే చాలాకాలం స్టార్క్‌ల క్రమంలో, సికోనిఫార్మిస్‌లో పడేశారు. ముక్కు కొసన కొక్కెం గూడబాతుకూ ఉంది, మెడ అదీ ముడుస్తుంది. 1957లో కాటమ్ అనే శాస్త్రవేత్త షూబిల్ అస్థిపంజరం పరిశీలించి గూడబాతు లక్షణాలు ఎత్తిచూపారు. తర్వాత డీఎన్‌ఏ అటే మొగ్గింది. 2008లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో షూబిల్, హామర్‌కాప్ అనే ఇంకో ఆఫ్రికా పక్షి, గూడబాతు ఒకే గుంపుగా తేలాయి. అలవాట్లను నమ్ముకుంటే ఇదే చిక్కు: ఒకే ఎండ, ఒకే బురద వేర్వేరు వంశాలకు ఒకే అలవాటు నేర్పగలవు.

[దృశ్యం: వరిమడిలో తెల్లకొంగ, పక్కన నత్తగుల్ల కొంగ.]

వాయిస్: ఈ రెంటినీ మనం కొంగలనే అంటాం. ఇప్పటి జాబితాల్లో తెల్లకొంగ, ఐబిస్, షూబిల్, హామర్‌కాప్‌లతో పాటు నేలపట్టు గూడబాతూ ఒకే క్రమం, పెలికానిఫార్మిస్. నత్తగుల్ల కొంగ స్టార్క్ కాబట్టి సికోనిఫార్మిస్‌లోనే మిగిలింది. ఆ క్రమంలో ఇప్పుడు స్టార్క్‌లు తప్ప ఇంకెవరూ లేరు.