చిన్న డబ్బాలో పెద్ద కార్డు పడుతుందా?

యాంకర్: కావలి నుంచి కాల్. చెప్పండి, సమస్య ఏంటి?

కాలర్: నమస్తే అన్నా. మాది ఫొటో స్టూడియో, పెళ్లి వీడియోల ఎడిటింగ్ అంతా నేనే చేస్తా. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత ఆఫీసు సిస్టమ్ తెచ్చుకున్నా, సన్న డబ్బా, ఐ5 ప్రాసెసర్. మా బావ తన ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఇస్తానంటున్నాడు. దానికి 8 పిన్నుల పవర్ కావాలంట, నా దాంట్లో ఆ వైరే లేదు. హార్డ్ డిస్కుకి పవర్ ఇచ్చే సాటా ప్లగ్గు నుంచి 8 పిన్నులకి మార్చే కేబుల్ ఆన్‌లైన్లో దొరుకుతోంది, తెప్పించేదా?

నిపుణుడు: వద్దు తమ్ముడూ, ఆ కేబుల్ మాత్రం వద్దు. ముందు మూత తీసి పవర్ సప్లై మీద స్టిక్కర్ చదువు.

కాలర్: తీసే ఉంచా. 240 వాట్స్ అని పెద్దగా ఉంది. కింద గళ్లలో 12 వోల్ట్ దగ్గర 18 ఆంప్స్.

నిపుణుడు: ఆ 18 చూడాలి, అందరూ పైనున్న 240 చూసి ఆగిపోతారు. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు దాదాపు మొత్తం అందులోంచే తీసుకోవాలి. 3060 ఒక్కటే 170 లాగుతుంది, ఐ5 మీద 65 అని రాసున్నా లోడ్ పడితే అది దాటిపోతుంది, ఇక డిస్కులు, ఫ్యాన్లు ఉండనే ఉన్నాయి, నువ్వు ఎక్స్‌పోర్ట్ కొట్టగానే సిస్టమ్ టప్పున ఆగిపోతుంది. ఇక ఆ కేబుల్ సంగతి. సాటా ప్లగ్గులో 12 వోల్ట్ పిన్నులు మూడు, ఒక్కోటి మోసేది ఒకటిన్నర ఆంపే. అంతా కలిపి 54 వాట్లు. 8 పిన్నుల సాకెట్టు 150 దాకా అడగొచ్చు. ప్లాస్టిక్ కరుగుతుంది, మంటలు కూడా రావచ్చు. స్టూడియోలో కస్టమర్ల పెళ్లి ఫుటేజీ అంతా ఉంటుంది కదయ్యా, ఆ రిస్క్ ఎందుకు?

కాలర్: పోనీ పవర్ సప్లైనే మారిస్తే?

నిపుణుడు: పెద్ద డబ్బాల్లో వాడే మామూలు ఏటీఎక్స్ సప్లై ఆ సన్న డబ్బాలో పట్టదు. పైగా ఇలాంటి ఆఫీసు మదర్‌బోర్డుల్లో చాలావాటికి మామూలు 24 పిన్నుల ప్లగ్గు ఉండదు, కంపెనీ సొంత ప్లగ్గు ఉంటుంది. అదీకాక 3060 ఎత్తుకే మూత పడదు.

కాలర్: ఇంక దారి లేదా అన్నా?

నిపుణుడు: ఎందుకు లేదు? మదర్‌బోర్డు మీద తాను కూర్చునే స్లాట్ నుంచే పవర్ తీసుకునే కార్డు కొనుక్కో. స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది, కొన్ని ఆఫీసు మోడళ్లలో అంతకన్నా తక్కువే, నీ మోడల్ మాన్యువల్లో చూడు. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది 70 వాట్లు, వేరే వైరు అక్కర్లేదు. 8 జీబీది తెచ్చుకునేవు, దానికి మళ్లీ ప్లగ్గు కావాలి.

కాలర్: ఆర్‌ఎక్స్ 6400 కార్డు చవగ్గా వస్తుందంటున్నారే?

నిపుణుడు: అది 53 వాట్లే, గేములకైతే పర్లేదు. కానీ దాంట్లో వీడియో ఎన్‌కోడర్, అంటే ఎక్స్‌పోర్ట్‌ని వేగంగా చేసే భాగం, లేదు. నీ పనే వీడియో ఎక్స్‌పోర్ట్, నీకు అది దండగ.

కాలర్: అయితే 3050నే తీసుకుంటా.

నిపుణుడు: లో ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువ కార్డు అని అడుగు, దాన్ని డబ్బాకి బిగించే పొట్టి బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో షాపులోనే విప్పి చూసుకో. చాలావరకు రెండు స్లాట్ల మందం ఉంటాయి, పక్కన ఖాళీ ఉందో ఇప్పుడే స్కేలు పెట్టి కొలువు.

కాలర్: మూత తీసే ఉంది, కొలుస్తా. థాంక్స్ అన్నా.