కల్లు పులిసింది, తీపి ఎటు పోయింది?

రమేష్: ఎర్ర లైటు వెలిగింది, మొదలుపెడదాం. నమస్కారం అందరికీ. పోయిన వారం మామిడిపళ్ల ఎపిసోడ్‌కి తిట్లన్నీ నాకు, దండాలన్నీ వదినకి వచ్చాయి.

సుజాత: ఎవరికి రావాల్సినవి వాళ్లకే వచ్చాయి.

రమేష్: ఇవాళ విషయం రెండు ముక్కలు. షుగర్ ఉన్నవాళ్లు మందు తాగితే ఏమవుతుంది, వ్యాయామం చేస్తే ఏమవుతుంది. ముందుగా మందు...

సుజాత: ముందుగా చెయ్యి కడుక్కున్నావా?

రమేష్: ఇంకా నిమిషం కూడా కాలేదు వదినా!

సుజాత: ఎదురుగా మీటరు పెట్టుకున్నావు, పక్కనే సపోటా తొక్కలు. పండు ఒలిచిన వేలినే గుచ్చితే మీటరు ఆ పండు చక్కెరని కూడా కలిపి చూపిస్తుంది. ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ ఇదే గోల. మనిషికి ఏమీ ఉండదు, వేలికి ఉంటుంది షుగరు.

రమేష్: తర్వాత కడుక్కుంటా. సిద్దిపేట నుంచి ఒకాయన రాశారు, చదువుతున్నా. "రాత్రి రెండు పెగ్గులు వేస్తే పొద్దున ఫాస్టింగ్ తక్కువగా వస్తోంది. అంటే మందు షుగర్‌కి మంచిదేనా మేడమ్?" నన్ను అడగలేదు, మేడమ్‌నే అడిగారు.

సుజాత: మంచిది కాదండీ. రాత్రి మనం పడుకున్నాక కూడా రక్తంలో గ్లూకోజ్ ఉండాలి కదా, అది లివర్ చూసుకుంటుంది. దాచుకున్నదాంట్లోంచి కొంత వదులుతుంది, కొంత కొత్తగా తయారుచేస్తుంది. మందు లోపలికి వెళ్లిందంటే దాన్ని వదిలించుకోవడమే లివర్‌కి పెద్ద పని. కొత్తగా గ్లూకోజ్ చేసే పని మందగిస్తుంది. మీకు ఫాస్టింగ్ తగ్గింది అందుకే.

రమేష్: తగ్గితే సంతోషమేగా అంటారు ఆయన.

సుజాత: ఎంత దాకా తగ్గుతుందో ఆయన చేతిలో లేదు. ఇన్సులిన్ తీసుకుంటున్నా, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకుంటున్నా మరీ ప్రమాదం. ఆ మాత్రలు క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తూనే ఉంటాయి. ఇటు ఇన్సులిన్ ఆగదు, అటు లివర్ సాయం రాదు. పైగా ఖాళీ కడుపు. 70 కంటే కిందికి వెళ్తే లో షుగరే. అది తాగిన వెంటనే రాదు. నడిరాత్రి రావచ్చు, మర్నాడు పొద్దున కూడా రావచ్చు.

రమేష్: మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లు?

సుజాత: అది ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. కానీ బాగా తాగే అలవాటుంటే మెట్‌ఫార్మిన్‌తో లాక్టిక్ ఆసిడోసిస్ అని, రక్తంలో ఆమ్లం పేరుకుపోయే ఇంకో ముప్పు ఉంది. డాక్టరు దగ్గర తాగుడు సంగతి దాచకూడదు అనేది అందుకే. భార్య ముందు చెప్పలేకపోతే ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి చెప్పండి.

రమేష్: విస్కీ, బ్రాందీ వరకు ఒప్పుకుంటా. కల్లు మాత్రం వేరు వదినా.

సుజాత: వచ్చావా దారికి.

రమేష్: కల్లు చెట్టు నుంచి వచ్చింది. మా భువనగిరి వైపు వచ్చి చూడండి, గౌడన్న మోకు వేసుకుని ఎక్కి లొట్టి దింపుతాడు, తాటాకు రేక పట్టి తాగుతాం. మా పెద్దవాళ్లంతా తాగారు, ఎవరికీ షుగర్ రాలేదు.

సుజాత: మీ పెద్దవాళ్లు ఎవరు టెస్ట్ చేయించుకున్నారు? మా పాలకొల్లులోనూ ఇదే మాట. టెస్టే లేనప్పుడు షుగర్ లేదని ఎలా అంటాం?

రమేష్: సరే, సైన్సే మాట్లాడదాం. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి పులుస్తుంది. అంటే తీపి పోయినట్టేగా? షుగర్ ఉన్నవాళ్లు సాయంత్రం కల్లు తాగితే ఇబ్బంది లేదు. ఇది నా సిద్ధాంతం.

సుజాత: తీపి ఎటు పోయింది?

రమేష్: పోయింది, అంతే.

సుజాత: ఆవిరై పోలేదు నాయనా. ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేసింది. అప్పుడే కారిన, ఇంకా పులవని కల్లు, అదే నీరా, దాంట్లో నూటికి పది, పన్నెండు పాళ్లు చక్కెర. ఒక గ్లాసుడు తాగితే నాలుగైదు చెంచాల చక్కెర తాగినట్టే, షుగర్ ఎక్కుతుంది. అదే లొట్టి సాయంత్రానికి బీరులా తయారవుతుంది. అప్పుడు ఎక్కడం తక్కువ, రాత్రికి దిగడం ఎక్కువ. నువ్వు కల్లు మార్చావు, ముప్పు పోలేదు, టైమింగ్ మారింది.

రమేష్: మరి నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టారు కదా, అక్కడ షుగర్ వాళ్లు వరసలో నిలబడి మరీ తాగుతున్నారు, మంచిదట అని.

సుజాత: నీరా పులవకుండా ఆపుతారు, అంతే. కుండకి సున్నం పూయడమో, చల్లగా ఉంచడమో. మత్తు ఉండదు, చక్కెర మొత్తం ఉంటుంది. ఎవరు మంచిదన్నారు?

రమేష్: అందరూ అంటున్నారు.

సుజాత: ఆ అందరినీ మీటరుతో పిలిచి కూర్చోబెట్టు.

రమేష్: చూశాంగా! మా వెంకన్న ఉన్నాడు కదా...

సుజాత: ఏ వెంకన్న? కోడిపుంజు వెంకన్నా?

రమేష్: ఆయనే. చెట్టు కిందే కూర్చుని పులిసిన కల్లు రెండు సీసాలు తాగాడు, గంటకి మీటరు పెడితే 160 వచ్చింది. పడిపోలేదు! మీరేమో పడిపోతుంది పడిపోతుంది అని భయపెడుతున్నారు.

సుజాత: దేంతో తాగాడు?

రమేష్: రేకతో. చెప్పాగా.

సుజాత: రేక రెండు చేతులతో పట్టుకుంటారు. సగం కల్లు మూతిమీద, సగం వేళ్లమీద. కడుక్కున్నాడా?

రమేష్: (నవ్వు) చెట్టు కింద నల్లా ఎక్కడుంటుంది?

సుజాత: నవ్వకు. ఎంత పులిసినా ఇంకా కొంత చక్కెర మిగిలే ఉంటుంది, వేళ్లు జిగురుగా ఉంటాయి. ఒంట్లో 60 ఉంటే మీటరు 160 చూపించిందేమో మనకేం తెలుసు? తప్పు రీడింగ్ ఎక్కువ చూపిస్తే అందరూ నిశ్చింతగా నిద్రపోతారు. నేను చెయ్యి చెయ్యి అని చచ్చేది దానికే. సబ్బు లేకపోతే నీళ్లతో కడుక్కుని తుడుచుకుంటే చాలు. అదీ లేదా, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క పెట్టు. పైగా గంటకే చూస్తే ఏం తెలుస్తుంది? రాత్రి పడుకునే ముందు చూశాడా?

రమేష్: పడుకున్నాడు, చూడలేదు.

సుజాత: ఇక ఆల్ప్రాజోలం అనే మత్తు మాత్రలు కలిపిన కల్తీ కల్లు అయితే చెప్పక్కర్లేదు. షుగర్ పడిపోయినప్పుడు చెమటలు పట్టి, గుండె దడదడలాడి లేపుతుంది. ఆ మత్తులో మనిషి లేవడు.

రమేష్: మా ఊళ్లో కల్తీ లేదు.

సుజాత: ప్రతి ఊరాయనా అదే చెబుతాడు. కల్తీ పక్క ఊళ్లో ఉంటుంది.

రమేష్: ఇది అన్యాయం వదినా. కల్లు మీద మీకు పగ. గీత కార్మికులు ఎంత కష్టపడతారో...

సుజాత: వాళ్ల కష్టాన్ని నేనేమన్నాను? గౌడన్న చెట్టెక్కితే నేను కింద నిలబడి దండం పెడతా. నేను మాట్లాడేది కింద కూర్చుని గ్లిమెపిరైడ్ వేసుకుని తాగేవాడి గురించి.

రమేష్: ...

సుజాత: ఏమైంది?

రమేష్: ఏం లేదు. బాబాయ్ గుర్తొచ్చాడు.

సుజాత: చెప్పు. చెప్పాలనిపిస్తేనే.

రమేష్: బోనాలప్పుడు. పొద్దున్నుంచి పందిరి గుంజలు పాతాడు, సామాను మోశాడు. మాత్ర వేసుకున్నాడు, అన్నం మాత్రం తర్వాత తింటా అన్నాడు. సాయంత్రం కల్లు. చీకటిపడ్డాక అరుగు మీద కూర్చుని ఏదేదో మాట్లాడుతున్నాడు, మాట తడబడుతోంది. అందరం నవ్వాం. ఎక్కిందిలే, పడుకోబెట్టండి అన్నాం. పిన్ని వచ్చి చొక్కా ముట్టుకుంది. పిండితే నీళ్లు కారేలా తడిసింది. ఆవిడే చక్కెర నీళ్లు తాగించింది. కాసేపటికి, ఇంతమంది నా చుట్టూ ఎందుకున్నారని తిట్టాడు.

సుజాత: మింగగలిగాడు కాబట్టి సరిపోయింది. స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. మత్తుకీ లో షుగర్‌కీ బయటికి తేడా కనిపించదు. పైగా వాసన వస్తుంటే ఎవరూ రెండోది ఆలోచించరు. తాగేవాడి పక్కన కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా వీడికి షుగర్ ఉందని తెలియాలి.

రమేష్: పిన్నికి తెలుసు కాబట్టి.

సుజాత: మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల ఆలస్యంగా ఎక్కుతుంది. తేరుకున్నాక అన్నం పెట్టాలి. టైప్ 1, అంటే ఇన్సులిన్ లేనిదే గడవని షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లల్లో, పడిపోయిన షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటుంది, మందు తాగిన రాత్రి అది కూడా సరిగా పనిచేయకపోవచ్చు. లివర్‌లో నిల్వ ఉంటేనే కదా అది బయటికి తీసేది.

రమేష్: అయ్యో, వ్యాయామం మొత్తం మిగిలిపోయింది! ఐదు నిమిషాల్లో చెప్పండి.

సుజాత: మీ బాబాయ్ చేసిందే వ్యాయామం. గుంజలు పాతితే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటాయి. ఆ గుంజుకోవడం మర్నాటి దాకా సాగుతుంది. షటిల్ ఆడి అటు నుంచి అటే బార్‌కి వెళ్లే బ్యాచ్‌కీ ఇదే లెక్క.

రమేష్: జిమ్‌లో బరువులెత్తితే షుగర్ పెరిగిందని ఒకమ్మాయి రాసింది.

సుజాత: పెరుగుతుంది. గట్టిగా శ్రమపడితే అడ్రినలిన్ వచ్చి లివర్ చేత గ్లూకోజ్ వదిలిస్తుంది, కాసేపటికి దిగుతుంది. భయపడి మానేయక్కర్లేదు. ఇన్సులిన్ వాళ్లూ, ఇందాక చెప్పిన మాత్రల వాళ్లూ మొదలుపెట్టే ముందు 90 కంటే తక్కువుంటే ఏదైనా తినాలి. 250 దాటి, ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే కీటోన్లు కూడా టెస్టులో కనిపిస్తే ఆ రోజు వద్దు. మిగతావాళ్లు వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి, అన్నం తిన్నాక ఓ పది నిమిషాలు నడిచినా పనిచేస్తుంది. అయిపోయింది.

రమేష్: అంతేనా? మందుకి అరగంట, వ్యాయామానికి ఇంతేనా?

సుజాత: అరగంట తీసుకుంది మందు కాదు, నీ కల్లు.

రమేష్: బీరు గురించి అసలు మాట్లాడలేదు. విస్కీలో కూల్‌డ్రింక్ కలిపేవాళ్ల గురించీ...

సుజాత: 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 30 గ్రాముల దాకా చక్కెర. సోడా కలుపుకోండి. తాగకపోతే ఇంకా మంచిది.

రమేష్: పాలకొల్లు నుంచి ఇంకో ఉత్తరం ఉంది, మీ ఊరే. చక్కెరకేళి అరటిపండు సగం తినొచ్చా అని...

సుజాత: సగం అంటే ఎవరూ సగం తినరు. వచ్చే వారం చూద్దాం. ఇంతకీ నువ్వు టెస్ట్ చేసుకుంటానన్నావు, చెయ్యి...

రమేష్: కడుక్కోడానికే లేస్తున్నా వదినా, ఇది ఎక్కడ ఆపాలి?

సుజాత: ఆ బటన్ కాదు, దాని పక్కది.