కౌంటర్ కింద తుపాకీ: కాలిస్తే కేసు ఎవరి మీద?

యాంకర్: నమస్కారం. టెక్సాస్‌లో గ్యాస్ స్టేషన్లు, చిన్న స్టోర్లు నడిపే మనవాళ్లు తక్కువేమీ లేరు. రాత్రి షిఫ్ట్‌కి వచ్చే మనిషి చొక్కా కింద గన్ పెట్టుకుని వస్తే ఓనర్ ఏం చేయాలి? డాలస్ నుంచి ఒక లాయర్, ఒక ఇన్సూరెన్స్ ఏజెంట్, ఒక స్టోర్ ఓనర్ మనతో ఉన్నారు. ఓనర్ గారూ, మీ స్టోర్లో రూల్ ఏంటండీ?

ఓనర్: నిజం చెప్పాలంటే రూలంటూ ఏమీ లేదండి. మా రాత్రి షిఫ్ట్ అతను పెట్టుకొస్తాడని తెలుసు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

లాయర్: అదే నాకు భయం సర్. తెలిసీ ఊరుకున్నారని రేపు అవతలి లాయర్ మీ నోటితోనే చెప్పిస్తాడు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం ప్రత్యేకంగా నిషేధించని వాళ్లెవరైనా లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. అంటే అతను ఏ ట్రైనింగూ తీసుకుని ఉండకపోవచ్చు.

ఓనర్: వద్దంటే రాజ్యాంగం ఇచ్చిన హక్కు అంటాడు కదా మేడమ్?

లాయర్: బయట గన్ పెట్టుకుని తిరిగే హక్కు గురించి 2022లో వచ్చిన బ్రూయెన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కట్టడి చేసింది ప్రభుత్వాన్ని, మిమ్మల్ని కాదు. మీ షాపులోకి గన్ తేవద్దని మీరు నిక్షేపంగా చెప్పొచ్చు. కారు సంగతి వేరు. చట్టబద్ధంగా ఉన్న గన్‌ని ఉద్యోగి తన సొంత కారులో పెట్టి తాళం వేసుకుంటే, రిఫైనరీల లాంటి కొన్ని చోట్ల తప్ప, పార్కింగ్‌లో వద్దనడానికి లేదు. 2011లో వచ్చిన చట్టం అది. కారులో ఉన్న ఆ గన్ వల్ల ఏదైనా జరిగితే ఓనర్ మీద దావా పడకుండా అదే చట్టం చాలావరకు కాపాడుతుంది. నడుముకి ఉన్న గన్‌కి ఆ కవచం లేదు.

యాంకర్: కాల్చింది ఉద్యోగి అయితే ఓనర్ జేబులోంచి ఎందుకు పోవాలి?

లాయర్: సొంత పగతో ఎవరినో కాల్చాడనుకోండి, అది ఉద్యోగంలో భాగం కాదని వాదించొచ్చు. కానీ బీరు కేసు ఎత్తుకుపోతున్నవాడిని కాల్చాడు. ఎవరి సరుకు కోసం? మీ సరుకు కోసం. ‘నా పనిలో భాగంగానే చేశాను’ అని అతనే అంటాడు. ఆస్తి కాపాడుకోవడానికి కూడా కొన్ని పరిస్థితుల్లో కాల్చనిచ్చే రాష్ట్రం ఇది, నిజమే. కానీ నిర్లక్ష్యంగా పేల్చిన గుండు పాల ప్యాకెట్ కోసం వచ్చిన ముసలాయనకి తగిలితే, ఆత్మరక్షణ అన్న మాట ఆయన విషయంలో పనికిరాదు. తెలియని మనిషిని పనిలో పెట్టుకున్నారు, ట్రైనింగ్ ఇవ్వలేదు, గమనించుకోలేదు అన్న ఆరోపణలు నేరుగా మీ మీదకే వస్తాయి.

ఓనర్: ఇన్సూరెన్స్ కడుతున్నాం కదండీ, ఊరికే కడుతున్నామా?

ఇన్సూరెన్స్ ఏజెంట్: (నవ్వుతూ) పాలసీ చివరి పేజీలు చదివారా? కన్వీనియన్స్ స్టోర్ల పాలసీల్లో దాడి, కొట్లాట, తుపాకీ వల్ల జరిగిన నష్టానికి మినహాయింపు రాసి ఉండటం మామూలే. ప్రీమియం తక్కువని తీసుకున్న పాలసీ అయితే ఇంకా అనుమానించాలి. ఇంకోటి, టెక్సాస్‌లో వర్కర్స్ కాంప్, అంటే పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి పరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్, తీసుకోవడం ప్రైవేట్ ఓనర్ల ఇష్టం. తీసుకోకపోతే, కౌంటర్ దగ్గర మీ ఉద్యోగికే గుండు తగిలినప్పుడు అతను మీ మీద నేరుగా దావా వేస్తాడు. ‘తప్పు అతనిది కూడా ఉంది’ అనే వాదన మీకు మిగలదు.

యాంకర్: ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. రాత్రి షిఫ్టుల్లో మన స్టూడెంట్స్ కూడా...

లాయర్: అడిగి మంచిపని చేశారు. క్యాంపస్ బయట అనుమతి లేని పని వీసాకే ముప్పు. దానికి గన్ తోడైతే ఫెడరల్ నేరం. స్టూడెంట్లకిచ్చే ఎఫ్-1, ఉద్యోగులకిచ్చే హెచ్-1బి, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్-4, ఈ వీసాల మీద ఉన్నవాళ్లెవరూ గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఆపైన దేశం నుంచి పంపించేయొచ్చు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ల లెక్క వేరు.

ఓనర్: గన్ నాదే, నా పేరు మీదే ఉంది, కౌంటర్ కింద పెట్టి ఇంటికెళ్తే?

లాయర్: ఆ డ్రాయర్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

ఓనర్: ...షిఫ్ట్‌లో ఉన్నవాళ్ల దగ్గర.

లాయర్: అయితే గన్ అతని అధీనంలో ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ అనొచ్చు. కొనుక్కోలేదు, ముట్టుకోలేదు అన్నా సరే. అతని వీసా సంగతి తెలిసి మీరు చేతికిచ్చారంటే మీ మీద కూడా కేసే.

యాంకర్: చిన్న విరామం తర్వాత గన్ విషయంలో స్టోర్ రూల్స్ కాగితం ఎలా రాసుకోవాలో, ఉద్యోగితో సంతకం ఎలా చేయించుకోవాలో మాట్లాడదాం.

ఓనర్: మీరు బ్రేక్ తీసుకోండి. నేను స్టోర్‌కి ఒక ఫోన్ చేసి వస్తా.