పింజరి విషం ప్లేట్‌లెట్‌ను పట్టుకునే చోటు

[తెరపై: తెగిన రక్తనాళం, యానిమేషన్]

మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు, 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. నాళం తెగి దాని గోడలోని కొలాజెన్ అనే ప్రొటీన్ బయటపడగానే వచ్చి అతుక్కుంటాయి. కానీ ఒకదాన్నొకటి నేరుగా పట్టుకోలేవు. మధ్యలో ఫైబ్రినోజెన్ ఉండాలి. ఆ పొడవాటి ప్రొటీన్ రెండు కొసలనూ చెరో ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది. పట్టుకునే చెయ్యి పేరు టూబీ-త్రీఏ గ్రాహకం, అంటే కణం పైనుండే అతుకు ప్రొటీన్. ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఇవి సుమారు 80,000.

ప్లేట్‌లెట్‌ను రెచ్చగొట్టే దారులు చాలా ఉన్నాయి. ఆస్పిరిన్ మూసేది వాటిలో ఒక్కదాన్నే. అన్ని దారులూ వచ్చి కలిసేది ఈ చేతి దగ్గరే. చిన్న పింజరి, అంటే ఎకిస్ కారినేటస్, విషంలోని ఎకిస్టాటిన్ అనే ప్రొటీన్ సరిగ్గా ఇక్కడే కూర్చుంటుంది.

[తెరపై: ఎకిస్టాటిన్ నమూనా, లూప్ ఎర్ర రంగులో]

మొత్తం 49 అమైనో ఆమ్లాలే. నాలుగు డైసల్ఫైడ్ ముడులు (గంధకపు బంధాలు) దాన్ని బిగించి ఉంచితే, లూప్ కొసన మూడు ఆమ్లాలు బయటికి పొడుచుకొస్తాయి: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఆర్జినిన్ ధనావేశం గ్రాహకంలో ఒక వైపు, ఆస్పార్టిక్ ఆమ్లం రెండోవైపున్న లోహ అయాన్ దగ్గర కుదురుకుంటాయి. ఫైబ్రినోజెన్‌కు ఇక చోటు దొరకదు.

చిక్కేమిటంటే, ఈ మూడక్షరాల గుర్తును శరీరంలోని వేరే గ్రాహకాలూ పట్టుకుంటాయి. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పిగ్మీ రాటిల్‌స్నేక్ విషంలోని బార్బోరిన్‌లో ఆర్జినిన్ బదులు లైసిన్ ఉంది. అంతే తేడా, కానీ అది దాదాపుగా ప్లేట్‌లెట్ గ్రాహకానికే అతుక్కుంటుంది. దాన్ని చూసి తయారుచేసిందే ప్లేట్‌లెట్లు గుంపు కట్టకుండా ఆపే మందు ఎప్టిఫిబటైడ్. ఆర్జినిన్ గుర్తు ఆధారంగా వచ్చిన మందు టిరోఫిబాన్. రెండూ అమెరికాలో 1998లోనే అనుమతి పొందాయి.

[తెరపై: స్టెంట్, ఇన్‌ఫ్యూజన్ పంపు]

గుండె నాళంలో స్టెంట్ వేసేటప్పుడు ఎప్టిఫిబటైడ్ బోలస్, అంటే ఒక్కసారిగా ఇచ్చే మోతాదు, కిలో బరువుకు 180 మైక్రోగ్రాములు, తర్వాత ఇన్‌ఫ్యూజన్‌గా, అంటే ఆగకుండా, నిమిషానికి కిలోకు 2. మందు మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 50 మిల్లీలీటర్ల కంటే తక్కువైతే ఇన్‌ఫ్యూజన్ 1కి తగ్గించాలి. తగ్గించడం మరిచిపోతే రక్తస్రావం ముప్పు. ఆపాక ప్లేట్‌లెట్లు 4 నుంచి 8 గంటల్లో మళ్లీ పనిలో పడతాయి.

ప్లేట్‌లెట్ కౌంటు హఠాత్తుగా పడిపోతే కంగారుపడి మందు ఆపేముందు స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్క) మైక్రోస్కోపులో చూడండి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, యంత్రం లెక్కకు దొరక్కుండా పోతుండొచ్చు. అదే పనికి సిట్రేట్ వేసిన ట్యూబులో మళ్లీ తీస్తే సాధారణంగా తేలిపోతుంది. అక్కడా గుంపులు లేకుండా తక్కువే వస్తే అది నిజమైన తగ్గుదల, మందు ఆపాల్సిందే.

[తెరపై: గాజు పరీక్షనాళిక]

పాము కాటులో మాత్రం కథ వేరు. అక్కడ అసలు నష్టం ఆ విషంలోనే ఉన్న ఎకరిన్ అనే ఎంజైముది. గడ్డకట్టే ప్రొటీన్ ప్రోత్రాంబిన్‌ను రెచ్చగొట్టి ఫైబ్రినోజెన్‌ను ఖర్చు చేసేస్తుంది. అందుకే విరుగుడు ఇవ్వకుండా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే, తిరుగుతున్న విషానికి మేత వేసినట్టే. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షలో పట్టుబడేదీ ఈ ఫైబ్రినోజెన్ లోటే, ప్లేట్‌లెట్ల పనితీరు కాదు. 2 మిల్లీలీటర్ల తాజా రక్తం, కదపకుండా, పొడి గాజు నాళికలో. ప్లాస్టిక్ నాళికైనా, డిటర్జెంటుతో కడిగిన గాజైనా మామూలు రక్తం కూడా గడ్డకట్టక తప్పు ఫలితం రావచ్చు.