ఫైర్‌ప్లేస్ చుట్టూ ఎంత ఖాళీ వదలాలి? టేప్ పట్టుకుని చూద్దాం రండి

నమస్తే అండి. ఇవాళ ఇంట్లో ఫైర్‌ప్లేస్, దాని పొగగొట్టం గురించి. మంటలోంచి నిప్పురవ్వలు వచ్చి కార్పెట్ మీద పడతాయేమోనని అందరూ భయపడతారు, ముందు జాలీ పెడతారు, అది మంచిదే, కానీ నన్నడిగితే అంతకంటే ఎక్కువ భయపడాల్సింది గోడ వెనక, మన కంటికి ఆనని చోట.

నేను చెప్పే కొలతలు అమెరికాలో ఇళ్లకు వర్తించే ఐఆర్‌సీ (ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్) అనే నిర్మాణ నియమాల్లోవి, అదీ ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్‌కి. ఫ్యాక్టరీలో తయారైన యూనిట్ అయితే దాని మాన్యువల్‌లో ఏముందో అదే పాటించాలి. ఊరిని బట్టి మార్పులుంటాయి కాబట్టి పర్మిట్ ఆఫీసులో ఒకసారి అడగండి.

ఇదిగో, నా చేతిలో ఉన్నది సరిగ్గా 2 అంగుళాల మందానికి కోసిన ముక్క. చిమ్నీ ఇంటి లోపలి నుంచి పైకి వెళ్తుంటే, ఆ ఇటుకకీ పక్కనున్న చెక్క ఫ్రేముకీ మధ్య ఈ ముక్క ఎక్కడా తగలకుండా దూరిపోవాలి. చిమ్నీ మొత్తం బయటి గోడ అవతల ఉంటే 1 అంగుళం చాలు. ఫైర్‌ప్లేస్‌కి ముందువైపు, పక్కల 2 అంగుళాలు, వెనకవైపు 4.

ఇటుక అంత మందంగా ఉంది కదా, మళ్లీ ఖాళీ ఎందుకు అంటారు. చెక్క మామూలుగా అంటుకోవాలంటే చాలా వేడి కావాలి, నిజమే. కానీ అంతకంటే బాగా తక్కువ వేడి ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే చెక్క లోపల్లోపలే మాడి బొగ్గవుతుంది, అప్పుడది అంటుకోవడానికి మొదట్లో అవసరమైనంత వేడి కూడా అక్కర్లేదు. పదేళ్లుగా ఏమీ కాలేదు అన్న మాట ఇక్కడ ధైర్యం ఇవ్వదు, ఎందుకంటే ఆ పదేళ్లూ చెక్క మారుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి, ఆ ఖాళీ ఖాళీగానే ఉండాలి. చలిగాలి వస్తోందని అందులో ఇన్సులేషన్ కూరేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, గాలి ఆడితేనే అక్కడి వేడి పోతుంది. కోడ్ ఒప్పుకునేది ఒక్కటే, ప్రతి అంతస్తు, సీలింగ్ దగ్గర మంట పైకి పాకకుండా కాలని పదార్థంతో వేసే ఫైర్‌బ్లాకింగ్.

ఇప్పుడు ముందువైపు. ఫైర్‌ప్లేస్ నోరు, అంటే మంట కనిపించే తెరుపు, వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 28 అనుకోండి. రెండూ హెచ్చవేసి 144తో భాగిస్తే 7 చదరపు అడుగులు వస్తుంది. 6 లేదా అంతకు మించితే ముందు 20 అంగుళాలు, రెండు పక్కలా 12 చొప్పున కాలని నేల ఉండాలి. 6 లోపయితే 16, 8 సరిపోతాయి. నోటికి 6 అంగుళాల లోపు చెక్క అలంకారం పెట్టకూడదు. 6 నుంచి 12 మధ్యలో పెడితే ఒక్కో అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతు మాత్రమే ముందుకు రావచ్చు, అంటే నోటికి 8 అంగుళాల దూరంలో బిగించిన పలక 1 అంగుళం మించి బయటికి రాకూడదు.

పైకప్పు దగ్గర లెక్క సులువు. చిమ్నీ కప్పును దాటే చోటు నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల్లో ఇంటి భాగం ఏదున్నా దానికంటే 2 అడుగులు ఎత్తుండాలి. లేకపోతే గాలి వీచినప్పుడు పొగ తిరిగి గదిలోకే వస్తుంది.

గ్యాస్ హీటర్ గొట్టం చూద్దాం. హీటర్ నుంచి చిమ్నీ దాకా వెళ్లే ముక్క అడుగుకి పావు అంగుళం చొప్పున పైకి ఎక్కుతూ ఉండాలి. లెవెల్ పెట్టాను, బుడగ చూడండి. మధ్యలో జారితే పొగ ఆగుతుంది, నీరు చేరి గొట్టం తుప్పు పడుతుంది. ఒంటి పొర రేకు గొట్టాన్ని అటకలోంచి అస్సలు తీసుకెళ్లకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అందుకే పడకగదుల బయట అలారం తప్పనిసరి.

ఏటా ఒకసారి చిమ్నీ చూపించండి. ఇల్లు కొంటున్నా, చిమ్నీలో ఎప్పుడైనా మంట లేచినా మామూలు తనిఖీ చాలదు, లెవెల్ 2 తనిఖీ కావాలని అడగండి. అందులో కెమెరా దింపి లోపలి పలకల పగుళ్లు చూస్తారు, అటకలో చేతికందే చోట ఆ 2 అంగుళాల ఖాళీ కూడా చూస్తారు. రిపోర్టు చేతికి వచ్చేదాకా మంట వెలిగించకండి.